వేసవికి ఖరీదైన సిట్రస్ పెర్ఫ్యూమ్: అంత ధర పెట్టి కొనడం సబబేనా?

ప్రశ్న: బెజవాడ నివాసి

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో నా కోసం ఒక మంచి సిట్రస్ పెర్ఫ్యూమ్ కొనుక్కోవాలని కొంత డబ్బు పక్కన పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ బాడీ స్ప్రేలతోనే సరిపెట్టుకున్న మనిషిని కాబట్టి, ఈ విషయంలో అనుభవం ఉన్నవారి మాట విన్న తరువాతే ముందుకు వెళ్ళాలనుకుంటున్నాను.

ఇటీవల పనిమీద హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఒక మాల్‌లో విదేశీ పరిమళాలు అమ్మే దుకాణంవారు, మధ్యధరా తీరపు నిమ్మ, నారింజ తోటలను తలపించేలా తయారుచేశామని చెప్పుకునే ఒక పెర్ఫ్యూమ్‌ను నా మణికట్టు మీద కొట్టి చూపించారు. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. మొదటి కొద్ది నిమిషాలు అది అద్భుతంగా ఉంది. అప్పుడే గోటితో గిల్లిన నిమ్మతొక్క ఘాటు, దాని వెనుక కొద్దిపాటి చేదు, ఆ చేదు తగ్గుతూ ఉండగా నారింజ పూల మెత్తని తీపి ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. బయట అంత ఎండ ఉందన్న సంగతే కాసేపు మరచిపోయాను. 50 మిల్లీలీటర్ల సీసా ధర మాత్రం మా ఇంటి అద్దెను మించి ఉంది.

అయితే నేను మహాత్మాగాంధీ బస్ స్టేషన్ చేరుకుని బస్సెక్కే సరికి చేతి మీద చెప్పుకోదగ్గ వాసనేమీ మిగలలేదు. వాళ్ళు ఇచ్చిన కాగితపు పట్టీని చేతిసంచిలో వేసుకుంటే, అందులోంచి మాత్రం మర్నాడు కూడా పరిమళం వస్తూనే ఉంది. అమ్మే అమ్మాయిని ముందే అడిగితే "అది మీ ఒంటి తత్వాన్ని బట్టి ఉంటుందండీ" అని దాటవేసింది. నిజంగా వాసన పోయిందా, లేక నా ముక్కే దానికి అలవాటుపడిపోయిందా? ఇంత త్వరగా ఆవిరైపోయేదానికి అంత ధర ఎందుకు? పైగా మాది హైదరాబాదు వంటి పొడి ఎండ కాదు. పొద్దున స్నానం చేసి బయటికి వచ్చేలోపే ఒళ్ళంతా చెమట పట్టే ఊరు. ఇంకొక చిన్న సందేహం కూడా ఉంది. ఆ కాగితపు పట్టీని ఆఫీసులో చూపిస్తే మా సహోద్యోగిని ఒకావిడ వాసన చూసి "బండలు తుడిచే లిక్విడ్ లాగా ఉందేమిటి" అని తేల్చేశారు. అప్పటినుంచి నాకూ అలాగే అనిపిస్తోంది!


సమాధానం: ప్రయోగశాల

మీ సందేహాలలో మొదటిదానికి మాత్రమే నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే నా వృత్తి రసాయనశాస్త్రం బోధించడం, పెర్ఫ్యూములు కొనడం కాదు.

వాసన నిజంగానే పోయింది. నారింజ తొక్కను దీపం దగ్గర పట్టుకుని వంచి నొక్కితే చిటపటమని చిన్న మెరుపులు రావడం చిన్నప్పుడు మనలో చాలామందిమి చూసే ఉంటాము. తొక్కలోని సూక్ష్మమైన తిత్తులు పగిలి, వాటిలోని నూనె తుంపరగా ఎగిరి మంటలో అంటుకోవడమే ఆ మెరుపు. ఆ నూనెలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఉండేది లిమోనీన్ అనే పదార్థం. పది కార్బన్ పరమాణువులున్న చిన్న అణువు కావడం వల్ల అది చాలా తేలికగా ఆవిరవుతుంది. ముక్కుకు అంత వేగంగా, అంత స్పష్టంగా చేరడానికీ, అంతే వేగంగా వెళ్ళిపోవడానికీ కారణం ఒక్కటే. కాబట్టి సిట్రస్ తాజాదనాన్ని మెచ్చుకుంటూనే అది నిలవడం లేదని నిందించడం ఒకే గుణాన్ని రెండు వైపుల నుంచి చూడటమే అవుతుంది.

పెర్ఫ్యూములలో ఎక్కువగా వాడే బెర్గమాట్ (నారింజ జాతి కాయ) తొక్క నూనె ఈ విషయంలో కొంత నయం. అందులో లిమోనీన్ పాలు తక్కువ. లినలైల్ ఎసిటేట్ అనే కాస్త బరువైన పదార్థం గణనీయంగా ఉంటుంది. మీరు చెప్పిన ఆ చేదు కలిసిన పూల వాసనలో దాని వాటా కూడా ఉంది. నారింజ పూలనుంచి తీసే నెరోలీ, నారింజ ఆకులూ లేత కొమ్మలనుంచి తీసే పెటిట్‌గ్రెయిన్ మరికొంతసేపు నిలుస్తాయి. అసలు తొక్క వాసన పోయిన తరువాత కూడా ఇంకా నారింజ ఉన్నట్టు అనిపించేలా చేసేవి ఇవే.

ఇక కాగితం సంగతి. చర్మం ఉపరితలం మామూలుగా 33 డిగ్రీల చుట్టూ వెచ్చగా ఉంటుంది. పైగా చెమట, చర్మపు నూనెలు, గాలి, బట్టల రాపిడి అన్నీ దాని మీద పనిచేస్తాయి. చేతిసంచిలో మడిచి పెట్టిన కాగితానికి ఇవేవీ లేవు. అయితే మర్నాడు ఆ పట్టీ మీద మీకు తగిలినది నిమ్మ వాసన అయి ఉండదని నా అనుమానం. కస్తూరిని పోలిన మస్క్, యాంబ్రాక్సన్ వంటి బరువైన పరిమళ పదార్థాలు మిగిలి ఉంటాయి. వీలైతే మళ్ళీ ఒకసారి మనసు పెట్టి వాసన చూడండి.

ముక్కు అలవాటు పడటం కూడా నిజమే, కానీ అది ఎక్కువగా ఈ అడుగు పదార్థాల విషయంలో జరుగుతుంది. కొన్ని మస్క్‌ల వాసన కొందరికి అసలే తెలియదు. అందుచేత మీకు ఏమీ లేదనిపించినప్పుడు కూడా పక్కన కూర్చున్నవారికి ఏదో శుభ్రమైన, సబ్బు వంటి వాసన తగులుతూ ఉండవచ్చు. మళ్ళీ మళ్ళీ కొట్టుకునే ముందు ఎవరినైనా అడగడం మంచిది.


సమాధానం: దోహా తెలుగు

నేను ఉండేది ఖతార్‌లో. ఇక్కడి వేసవి ముందు మన ఎండాకాలం కాస్త మర్యాదస్తురాలే అనిపిస్తుంది. ఊద్ (అగరు), గులాబీ, కుంకుమపువ్వు కలిపిన బరువైన పరిమళాలను ఇష్టపడే ఈ దేశంలో కూడా పగటిపూట ఆఫీసులకు సిట్రస్ వేసుకునేవారు చాలామంది ఉన్నారు. అందుచేత ధర గురించి నా అభిప్రాయం చెబుతాను.

సిట్రస్ పెర్ఫ్యూముకు మొదటి ఐదు నిమిషాలలో తప్పు పట్టడం కష్టం. మూడు వందల రూపాయల సీసా కూడా మూత తీయగానే బాగానే ఉంటుంది. తేడా బయటపడేది ఆ తరువాత. చవకరకం వాటిలో నిమ్మ వెళ్ళిపోగానే వెనుక ఏమీ ఉండదు, లేదా చక్కెర పాకం వంటి ఒక తీపి మిగిలి చెమటతో కలిసి వెగటు పుట్టిస్తుంది. జాగ్రత్తగా కూర్చిన పరిమళంలో తొక్క వాసన ఎక్కడ ముగిసిందో, పూల వాసన ఎక్కడ మొదలైందో తెలియదు. మీరు రాసిన వర్ణనలో కూడా సరిగ్గా ఆ జారుడే ఉంది. నా దృష్టిలో ఎక్కువ డబ్బు పెట్టేది దాని కోసమే.

ఈ విద్యలో ఇద్దరి పనిని తప్పక చెప్పాలి. 1966లో డియోర్ సంస్థ కోసం ఎడ్మండ్ రౌడ్నిట్స్కా తయారుచేసిన ఓ సోవాజ్‌లో నిమ్మ, బెర్గమాట్‌ల కింద హెడియోన్ అనే పదార్థాన్ని వాడారు. మల్లెజాతి పూలకు దగ్గరగా, గాలి ఆడుతున్నట్టుగా ఉండే ఆ పదార్థం నిమ్మ తాజాదనాన్ని కిందినుంచి ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ తరువాత ఎన్నో సంస్థలు అదే దారి పట్టాయి. రెండోవారు జాన్ క్లోద్ ఎలెనా. ఎర్మెస్ సంస్థ కోసం ఆయన 2005లో చేసిన అన్ జార్డాన్ స్యూర్ ల నీల్‌కు స్ఫూర్తి ఈజిప్టులోని అస్వాన్ దగ్గర నైలు ఒడ్డున ఉన్న మామిడి చెట్లు. పచ్చిమామిడి సొన వగరును, గ్రేప్‌ఫ్రూట్ చేదును కలిపి కూర్చిన పరిమళం అది. ఆవకాయ కాయలు కొట్టించుకునే రోజుల్లో పుట్టి పెరిగిన మనకు ఆ వాసన గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

మీ సహోద్యోగిని మాటకు కూడా జవాబు ఇందులోనే ఉంది. గిన్నెలు తోమే సబ్బులోనూ, బండలు తుడిచే ద్రవంలోనూ నిమ్మ వాసనే నింపి అమ్ముతుంటే, సూటిగా నిమ్మ వాసన వచ్చే ఏ పరిమళమైనా వంటింటిని గుర్తు చేయడం సహజమే. ఆవిడను తప్పు పట్టలేము. నిమ్మ కన్నా బెర్గమాట్, నెరోలీ, చేదునారింజ, గ్రేప్‌ఫ్రూట్ ముందుండేవాటిని ఎంచుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఆఫీసులో ఏసీ ఉంటే నిశ్చింతగా కొనండి. ఇంట్లో కాకుండా ఆఫీసు చేరి, చెమట తుడుచుకున్న తరువాత వేసుకోండి.


సమాధానం: పాత సీసాలు

పై మిత్రులిద్దరితో చాలావరకు ఏకీభవిస్తూనే, ధర విషయంలో దోహా తెలుగు గారితో విభేదిస్తున్నాను. నా అభ్యంతరం ఆ పరిమళాల నాణ్యత మీద కాదు. అసలు ఈ రకం పరిమళం ఎలా వాడుకోవడానికి పుట్టిందో, దాన్ని ఇప్పుడు ఎలా అమ్ముతున్నారో ఆ రెండింటికీ పొత్తు కుదరదన్నదే నా వాదన.

ఇటలీ ఉత్తర ప్రాంతం నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి వచ్చి స్థిరపడిన యోహాన్ మరియా ఫరీనా పద్దెనిమిదో శతాబ్ది తొలినాళ్ళలో తయారుచేసిన పరిమళజలమే తరువాత ఆ ఊరి పేరుతో లోకమంతా వ్యాపించింది. 1709లో మొదలైన ఆ కుటుంబ సంస్థ నేటికీ ఉంది. వాన వెలిసిన తరువాత ఇటలీలో వసంతకాలపు ఉదయం ఎలా ఉంటుందో, కొండ మీద పూలూ నారింజ పూలూ ఎలా పరిమళిస్తాయో దాన్ని గుర్తు చేసే సువాసనను కనుగొన్నానని ఆయన తన సోదరుడికి రాసుకున్నాడు. ఆ జలాన్ని చెవుల వెనుక బొట్టు బొట్టుగా అద్దుకునేవారు కాదు. చేతిలో ఒంపుకుని మెడకూ చేతులకూ రాసుకునేవారు, రుమాలు తడుపుకునేవారు, స్నానపు నీళ్ళలో కలుపుకునేవారు. నెపోలియన్ దాన్ని నీళ్ళలా వాడేవాడని ప్రసిద్ధి. త్వరగా పోతుందన్నది అప్పుడు ఎవరికీ లోపంగా తోచలేదు. పోయింది కనుక మళ్ళీ పోసుకునేవారు, అంతే.

ఆ పద్ధతి చాలాకాలం సాగింది. 1853లో గెర్లాన్ సంస్థ ఫ్రాన్సు మహారాణి యూజెనీ కోసం తయారుచేసిన కొలోన్, తేనెటీగలు చెక్కిన సీసాలో నేటికీ అమ్ముడవుతోంది. 1916లో పార్మా నగరంలో పుట్టిన ఆక్వా ది పార్మా వారి కొలోనియా కూడా ఈ వంశంలోదే. ఇక కొలోన్ నగరానిదే అయిన 4711 అనే పరిమళజలం, తన చరిత్రను 1792 నుంచి చెప్పుకుంటూ, ఇప్పటికీ సామాన్యుడికి అందే ధరలోనే దొరుకుతోంది. ఆ సీసాను ఒంపేటప్పుడు ఎవరూ లెక్క చూసుకోరు.

ఇప్పుడు మీరు చూసిన సీసా దగ్గరకు వద్దాము. అది 50 మిల్లీలీటర్లు. అందులో పరిమళ తైలాల పాలు నూటికి పది అనుకుంటే, లోపల ఉన్న అసలు సరుకు ఐదు మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది. మిగిలినది ఆల్కహాలూ నీరూను. నిజమే, ఆ సరుకులో కొన్ని చాలా ఖరీదైనవి. బెర్గమాట్ అత్యధికంగా ఇటలీ దక్షిణాగ్రంలోని కలాబ్రియా తీరాన ఒక ఇరుకైన పట్టీలోనే పండుతుంది. ఒక కిలో నూనె రావాలంటే సుమారు 200 కిలోల కాయలు కావాలి. నెరోలీ మరీ ప్రియం. ట్యునీషియాలోని నబూల్ వంటి చోట్ల వసంతంలో చేతితో కోసిన నారింజ పూలు టన్ను బట్టీలో వేస్తే వచ్చేది ఇంచుమించు ఒక కిలో తైలం. అయినా ఐదు మిల్లీలీటర్లలో అవి పట్టేది ఎంత? మీ ఇంటి అద్దెను మించిన ఆ ధరలో పెద్ద భాగం సీసాకూ, ప్రకటనలకూ, మాల్‌లో ఆ గాజు అద్దాల గదికీ, దిగుమతి సుంకానికీ, దాని మీద జీఎస్టీకీ పోతుంది.

అందువల్ల జరిగేది ఏమిటంటే, కొన్నవారు ఆ సీసాను దాచుకుని దాచుకుని వాడతారు. ఊద్‌నో చందనాన్నో అలా పొదుపుగా వాడుకుంటే సరిపోతుంది, ఎందుకంటే ఒక చుక్క పూటంతా ఉంటుంది. సిట్రస్‌ను పొదుపుగా వాడితే దాని అందమే అనుభవంలోకి రాదు. ధారాళంగా వాడితే సీసా రోహిణి కార్తె దాకా కూడా నిలవదు. ఈ ఇరకాటాన్ని దాటడానికి ప్రయత్నించినవారు లేకపోలేదు. 2009లో ఫ్రాన్సులో మొదలైన అటెలియే కొలోన్ అనే సంస్థ, కొలోన్ తీరును చెడగొట్టకుండానే తైలాల పాలు బాగా పెంచి పరిమళాలు తయారుచేసింది. నారింజ తొక్కను అంత స్పష్టంగా పట్టుకున్న పరిమళాలు అరుదు. అయినా పాళ్ళు పెంచినంత మాత్రాన లిమోనీన్ ఆవిరయ్యే స్వభావం మారదు. సీసా మీద ఓ ద పర్ఫ్యూమ్ (తైలాల పాలు ఎక్కువన్న గుర్తు) అని రాసి ఉంటే నిమ్మ ఎక్కువసేపు ఉంటుందని ఆశపడేవారు ఈ సంగతి గమనించాలి. చాలా సందర్భాలలో ఎక్కువసేపు ఉండేది నిమ్మ కింద పరిచిన చెక్క వాసనా, మస్కూ మాత్రమే.

నా సలహా ఏమిటంటే, రోజువారీకి ఒక పాత తరహా కొలోన్ పెద్ద సీసా తీసుకోండి. మీ మనసు దోచిన ఆ ఖరీదైనది 10 మిల్లీలీటర్ల ప్రయాణపు సీసాలో దొరికితే అది వేరుగా తీసుకోండి. రెండూ కలిపినా మీరు పక్కన పెట్టిన డబ్బులో సగం మిగులుతుందని నా అంచనా.


బెజవాడ నివాసి

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. ప్రయోగశాల గారు చెప్పినట్టు కాగితపు పట్టీని మళ్ళీ వాసన చూశాను. నిజమే, అందులో నిమ్మ జాడ లేదు. ఉతికి ఆరేసిన దుప్పటి వాసన వంటిదేదో ఉంది. అది కూడా బాగానే ఉంది గానీ, నేను ఇష్టపడినది అది కాదు. ఇంకొక మాట: మా ఇంట్లో అందరిదీ సున్నితమైన చర్మం. ఎండలో తిరిగేవారు సిట్రస్ వాడకూడదని ఎక్కడో విన్నాను. అందులో నిజమెంత?


సమాధానం: జాగ్రత్తపరులు

సువాసన ఉత్పత్తుల భద్రతా నియమాలు నా పనిలో భాగం కనుక ఈ ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను. మీరు విన్నదానిలో నిజం ఉంది, కానీ అది ఏ సరుకుకు వర్తిస్తుందో తెలుసుకోవాలి.

బెర్గమాట్, నిమ్మ వంటి తొక్కలను పిండి తీసిన నూనెలలో బెర్గాప్టెన్ వంటి కొన్ని పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కమిలి, కొందరిలో బొబ్బలెక్కి, తరువాత ముదురు గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. గత శతాబ్దంలో కొలోన్ విరివిగా పూసుకున్నవారి మెడ మీద, ద్రవం కారిన దారి వెంబడే చారలు పడటం వైద్యులు గమనించారు. ఆ తరువాత అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం, కడుక్కోకుండా ఒంటి మీద ఉంచుకునే ఉత్పత్తులలో పిండి తీసిన బెర్గమాట్ నూనె 0.4 శాతానికి మించకూడదు. ఈ కారణంగా నేడు పేరున్న సంస్థలు చాలావరకు ఆ పదార్థాలను తొలగించిన బెర్గమాట్‌నే వాడుతున్నాయి. కాబట్టి నమ్మకమైన చోట కొన్న సీసాతో ఆ భయం బాగా తక్కువ. అసలు ప్రమాదం ఇంటి వైద్యాలతోనే ఉంది. సహజం కదా అని నిమ్మచెక్క మెడకు రుద్దుకుని ఎండలోకి వెళ్ళడం, ఆన్‌లైన్‌లో కొన్న శుద్ధ బెర్గమాట్ నూనెను నేరుగా ఒంటికి రాసుకోవడం దయచేసి ఎవరూ చేయకండి.

సున్నితమైన చర్మానికి ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. గాలి తగిలి పాతబడిన లిమోనీన్, లినలూల్ చర్మానికి ఎలర్జీ కలిగించగలవు. తాజా సరుకుతో కన్నా, సగం ఖాళీ అయి ఏళ్ళ తరబడి పడి ఉన్న సీసాతో ఆ ముప్పు ఎక్కువ. ఐరోపా నియమాల వల్ల డబ్బా మీద ఆ పేర్లు, సిట్రాల్ పేరూ అచ్చు వేస్తారు, ఒకసారి చూసుకోండి. పరిమళంలో నిమ్మ బదులు టర్పెంటైన్ ఛాయ వస్తే ఆ సీసా పని అయిపోయినట్టే. మన ఎండలకు సిట్రస్ త్వరగా పాడవుతుంది. కిటికీ పక్క అద్దాల బల్ల మీదా, స్నానాల గదిలోనూ, స్కూటర్ డిక్కీలోనూ పెట్టవద్దు. బీరువాలో బట్టల మధ్య, అట్టపెట్టెలోనే ఉంచండి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టినా మంచిదే, పైగా వేసుకున్నప్పుడు చల్లగా ఉంటుంది.

మోచేతి లోపలి మడతలో కొద్దిగా వేసి, ఒక రోజు ఆగి చూసిన తరువాతే మెడకు వాడండి. ఎండలోకి వెళ్ళే రోజున బట్టల మీద వేసుకోవడం అన్ని విధాలా క్షేమం.


సమాధానం: అత్తరు పెట్టె

ఇంతసేపూ ఇటలీ, ఫ్రాన్సులలోనే తిరిగారు కనుక నేను పత్తర్‌గట్టీ దాకా తీసుకువస్తాను. చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాలలో ఏ పెద్దాయననైనా వేసవికి ఏదైనా ఇమ్మని అడిగితే ముందుగా ఖస్ సీసా తీస్తారు. మన వట్టివేరే అది. తడిపిన వట్టివేళ్ళ తడికలు కిటికీలకు కట్టిన ఇళ్ళలో పెరిగినవారికి ఆ వాసన సంగతి చెప్పనక్కరలేదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగ్‌లనే రాగి పాత్రలలో నీటితో మరిగించి తీసే రూహ్ ఖస్, అంటే అసలైన వట్టివేరు తైలం, ఖరీదైనదే, కానీ అగ్గిపుల్ల కొనకు అంటినంత చాలు, సాయంత్రం దాకా ఉంటుంది.

దీన్ని సిట్రస్‌కు పోటీగా చెప్పడం లేదు, తోడుగా చెబుతున్నాను. స్నానం కాగానే ఛాతీ మీద ఒక చుక్క ఖస్ రాసుకుని, ఆఫీసు చేరాక పైన కొలోన్ కొట్టుకుంటే, నిమ్మ వెళ్ళిపోయినా వెనుక బోసిగా ఉండదు. తడిమట్టినీ వేళ్ళనూ గుర్తుచేసే ఆ పచ్చి వాసన మీద నారింజ చక్కగా కూర్చుంటుంది. ఈ జోడీ విలువ పాశ్చాత్యులకు కూడా బాగా తెలుసు. దోహా తెలుగు గారు చెప్పిన ఎలెనాయే 2006లో ఎర్మెస్ కోసం చేసిన తెర్ దెర్మెస్‌లో నారింజను వట్టివేరు మీదనే నిలబెట్టారు.

ఇబ్బంది కూడా చెప్పాలి. రాగిపాత్రలో దిగినందువల్ల రూహ్ ఖస్ ఆకుపచ్చగా ఉంటుంది. తెల్లబట్టకు తగిలితే మరక వదలదు. రెండోది, ఖస్ పేరుతో అమ్మేవన్నీ ఖస్ కావు. మరీ చవకగా, మరీ తియ్యగా ఉంటే అది షర్బతు వాసన తప్ప వేరు వాసన కాదని అనుకోవచ్చు.


దోహా తెలుగు

అత్తరు పెట్టె గారి జోడీ నాకు నచ్చింది. అయితే ఒక్క షరతు: సూక్ష్మంగా కూర్చిన ఖరీదైన సిట్రస్ కింద మాత్రం ఖస్ వేయకండి. నేను ఇంతకుముందు చెప్పిన ఆ జారుడు ఖస్ మాటున పడి కనిపించదు. పాత సీసాలు గారు చెప్పిన సాదా కొలోన్‌కు అయితే అది సరిగ్గా సరిపోతుంది. ధర మీద మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఏడాదికి ఒక సీసా ఇష్టపడి కొనుక్కునే మనిషి అందులో తైలం ఎన్ని మిల్లీలీటర్లు ఉందని లెక్క కడుతూ కూర్చుంటే పట్టుచీర కూడా కొనలేదు.


పాత సీసాలు

పట్టుచీర ఇరవై ఏళ్ళు ఉంటుందండీ. అదే నా అభ్యంతరం.


బెజవాడ నివాసి

మీ ఇద్దరి వాదన చదువుతూ ఉంటే నా నిర్ణయం తేలికైంది. పెద్ద కొలోన్ సీసా ఒకటి తెప్పించుకుంటున్నాను. ఆ ఖరీదైనదానికి 10 మిల్లీలీటర్ల సీసా ఉందని ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు, చేతి మీద వేయించుకుని ఎండలో ఒక గంట తిరిగి వచ్చి, అప్పటికీ ముచ్చటగా అనిపిస్తే తీసుకుంటాను. ఖస్ సంగతి వచ్చే ఏడాది చూస్తాను. చివరిగా ఒక్క ప్రశ్న: నేను ఎక్కువగా కట్టుకునేవి మంగళగిరి నేతచీరలు. వాటి మీద కొలోన్ కొట్టుకోవచ్చా?


జాగ్రత్తపరులు

నూలు మీద నిరభ్యంతరంగా వాడవచ్చు. చర్మం మీద కన్నా కాస్త ఎక్కువసేపే నిలుస్తుంది. జరీ అంచుకు మాత్రం తగలనివ్వకండి, నల్లబడే అవకాశం ఉంది. రంగున్న కొలోన్ అయితే లేతరంగు చీర మీద ముందుగా లోపలి కొంగు మూలన ఒక చుక్క వేసి ఆరనిచ్చి చూసుకోండి. మరక పడకపోతే, చీర కట్టుకునే ముందు ఒక మూర దూరం నుంచి కుచ్చిళ్ళ లోపలివైపు కొట్టి, తడి ఆరిన తరువాత కట్టుకోండి.